భక్తిచిత్రములు – సత్యవచనము

దేవుని పేర తీసిన చిత్రము బాగుగా లేనప్పుడు బాగుగా లేదని చెప్పవచ్చునా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని భక్తికిని సత్యమునకును గల సంబంధమంతయు దీనిలో నిమిడియున్నది. భగవద్విషయమైన కృతిని భక్తుడు మెచ్చుకొనకుండుట అపచారమని కొందరందురు. మెచ్చదగని దానిని మెచ్చుకొనుట అసత్యమని మరికొందరందురు. మొదటివారు భక్తిపక్షమువారనియు, రెండవవారు సత్యపక్షమువారనియు లోకము విభజించుచున్నది. అసలు ఈ రెండు పక్షములు వేరుగా నుండగలవా యనునదే మనము విచారింపవలసిన విషయము. ఏటేట క్రిస్మసు పండుగకు ముందు అమెరికా దేశమున విడుదలయగు భక్తిచిత్రములును, వానిని చూచినవారు పలుకు పలుకులును ఈ విచారణకు తగిన యుదాహరణములు.

క్రిస్మసు చిత్రములన్నియు భక్తిచిత్రములు కావు. మంచు, దీపాలంకారములు, ఎర్రయంగీ తొడిగిన శాంతాక్లాసు తాత, తుదకొక ప్రేమకథ – వీనితో సరిపెట్టుకొను చిత్రములే హెచ్చు. క్రీస్తు జననకథను గాని, ఆ పండుగయొక్క మతార్థమును గాని ప్రధానముగా గైకొని, విశ్వాసుల నుద్దేశించి తీసినవి వేరొక తరగతికి చెందినవి. ఇవి క్రొత్తవి కావు. చలనచిత్రకళ ఇంకను శైశవమున నున్న 1912వ సంవత్సరముననే ‘ఫ్రమ్ ది మేంజర్ టు ది క్రాస్’ అను మూకచిత్రమును ఈజిప్టు, పాలస్తీనా దేశములకు బోయి తీసిరి. క్రొత్తది వ్యాపారవిధానము మాత్రమే. 2004వ సంవత్సరమున వెలువడిన ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ అను చిత్రము సుమారు 3 కోట్ల డాలర్ల వ్యయముతో తయారై ప్రపంచమంతట 60 కోట్ల డాలర్లకు పైగా నార్జించినది. చర్చికి వెళ్లు జనము గొప్ప విపణి యని నాడు పెద్ద చిత్రసంస్థలు గ్రహించినవి. రెండు మూడేండ్లలో ఫాక్స్, సోనీ సంస్థలు భక్తిచిత్రముల కొరకు ప్రత్యేక శాఖలు నెలకొల్పినవి. సంఘకాపరులకు ముందుగా చిత్రమును చూపుట, సంఘస్థులందరికి కలిపి టిక్కెట్లు అమ్ముట, మొదటి వారముననే చూచి తోడ్పడుడని కోరుట – ఇవి ఈ వ్యాపారమున వాడుకయైన పద్ధతులు.

ఇందు నిందింపదగిన దేమియు లేదని చెప్పవచ్చును. పుస్తకము వ్రాసినవాడు కొనుడని కోరుటలేదా? నిజమే. కాని ‘కొనుడు, బాగుగా నున్నది’ యని చెప్పుట వేరు; ‘కొనుడు, ఇది మీ విశ్వాసమునకు నిదర్శనము’ అని చెప్పుట వేరు. మొదటిదానిలో కొనువాడు కళ్లు తెరచి చూచి నిర్ణయించుకొనును. రెండవదానిలో కొననివాడు దేవునికి ద్రోహము చేసినట్లగును. కొన్న పిదప బాగుగా లేదన్నవాడును అట్టి దోషియే యగును.

దీనికొక దృష్టాంతము. 2014వ సంవత్సరము నవంబరులో ‘సేవింగ్ క్రిస్మస్’ అను చిత్రము అమెరికాలో విడుదలయ్యెను. ప్రసిద్ధ నటుడు కర్క్ కామెరన్ దానికి నాయకుడు. చిత్రము పేరునకు ముందు ఆయన పేరే తగిలించిరి. కథ స్వల్పము. పండుగపేర జరుగు దుబారాను చూచి మనసు విరిగిన గృహస్థుడొకడు, ఇంటిలో విందు జరుగుచుండగా బయటికి వచ్చి కారులో కూర్చుండును. బావమరది వచ్చి, చెట్టును అలంకరించుట, బహుమతు లిచ్చుట, శాంతాక్లాసు – వీనికన్నిటికిని క్రైస్తవార్థము గలదని బోధించి, ఆతనిని మరల విందులోనికి తీసికొనిపోవును. పత్రికా విమర్శకులలో దీనిని మెచ్చినవాడు కానరాలేదు. సమీక్షలను లెక్కగట్టు ‘రాటెన్ టొమాటోస్’ సంస్థవారి పట్టికలో దీనికి నూటికి సున్న వచ్చినది. అంతట కామెరన్, ఆ పట్టికలోని ప్రేక్షకుల మార్కులను పెంచవలసినదని తన యభిమానులకు బహిరంగముగా విజ్ఞప్తి చేసెను. వారు పెంచిరి. ఆ వార్త విని ఎదుటిపక్షమువారు కదలివచ్చి, పెరిగినదానికన్న హెచ్చుగా తగ్గించిరి. మరుసటి యేడు ఫిబ్రవరిలో, ఆ సంవత్సరపు అధమచిత్రముల కిచ్చు ‘గోల్డెన్ రాస్‌బెరీ’ పరిహాస బహుమానములు నాలుగు దీనికే దక్కినవి.

చదువరులారా, ఈ వృత్తాంతమున నవ్వదగినది కొంత యున్నను, విచారింపదగినది అంతకన్న హెచ్చు. మార్కులు పెంచినవారు చిత్రమును గూర్చి మాటలాడలేదు. తమ పక్షమును గూర్చి మాటలాడిరి. తగ్గించినవారును అంతే. చిత్రము నడుమ యుద్ధభూమి వలె మిగిలినది. అది యెట్లున్నదని చెప్పువాడు లేకపోయెను. ఆ కథలో నిజముగా నొక గంభీరమైన ప్రశ్న గలదు: దరిద్రుడై పశువులశాలలో పుట్టినవాని జన్మదినమును ఇంత ధనవ్యయముతో చేయవచ్చునా? కారులో కూర్చున్న ఆ గృహస్థుని మనోవేదన యథార్థమైనది. పండుగలకును పెండ్లిండ్లకును అప్పులు చేయు మనకును ఆ వేదన తెలియనిది కాదు. దానికి ఆ చిత్రమిచ్చిన సమాధానము చాలినదేనా యని చర్చించుటకు విశ్వాసులకంటె యోగ్యులెవరు? కాని మార్కుల కలహమున ఆ ప్రశ్నను ఎవరును పట్టించుకొనలేదు. కృతికి జరుగగల అన్యాయములలో ఇది పెద్దది. దూషణకన్నను, వినకయే మెచ్చుకొనుట యెక్కువ యవమానకరము.

ఇంకొక వాదము వినవచ్చుచుండును. విమర్శకులు తక్కువగా నెంచిన భక్తిచిత్రములకు ప్రేక్షకులు మిక్కిలి యెక్కువ మార్కులిచ్చుట తరచుగా జరుగును. మొదటి దినమున ఆటచూచి వెలికి వచ్చువారిచేత చీటీలు నింపించి, వారి తృప్తిని లెక్కించు సంస్థ యొకటి అమెరికాలో చిరకాలముగా పనిచేయుచున్నది. ఆ లెక్కలలో భక్తిచిత్రములు పలుమారు ఉత్తమ శ్రేణిని పొందినవి. కావున సామాన్యజనుల హృదయము నిర్మలమనియు, విమర్శకులు నాస్తికులనియు కొందరు సిద్ధాంతము చేయుచున్నారు. కాని మొదటినాడే పనిగట్టుకొని వచ్చినవారెవరు? చిత్రము చూడకముందే మెచ్చుకొన నిశ్చయించుకొన్నవారు. పెండ్లివిందులో వంట యెట్లున్నదని పెండ్లికూతురు తండ్రినే యడిగినట్లుండును ఈ పరీక్ష. ఆయన చెప్పినది అబద్ధము కాకపోవచ్చును. కాని ఆ మాటనుబట్టి వంటను నిర్ణయింపరాదు.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. మన యిండ్లలో ముదుసలి నాయనమ్మ తెల్లవారుజామున పాడుకొను కీర్తనలో శ్రుతి లేకపోవచ్చును, తాళము తప్పవచ్చును. ఆమెను తప్పుపట్టు మనుమడు సంస్కారహీనుడు కాడా? తప్పక అగును. ఏలయన ఆమె మనకొరకు పాడలేదు. తన పాటకు వెల కట్టలేదు, మెచ్చుకొనుడని కోరలేదు. ఆ కీర్తన వినవలసినవాడు వేరొకడు. చిత్రము అట్టిది కాదు. అది టిక్కెట్టుపెట్టి, కాలమడిగి, మన పిల్లల మనస్సులలో చోటు కోరుచున్నది. వెల గైకొనువేళ అంగడిగా నుండి, విమర్శవేళ గుడిగా మారుటకు దేనికిని హక్కు లేదు. నాయనమ్మ కీర్తనకు గల మినహాయింపు కోట్లతో తీసిన చిత్రమునకు చెల్లదు.

మన ఆలంకారికులు ఈ విషయమును మిక్కిలి సూక్ష్మముగా తర్కించిరి. పదునొకండవ శతాబ్దమువాడైన మమ్మటుడు కావ్యప్రకాశమున, దేవతలయందలి ప్రీతి భావమే గాని రసము కాదని నిర్ణయించెను. పదునారవ శతాబ్దమున రూపగోస్వామి దీనిని త్రోసివేసి భక్తినే రసరాజముగా నిలిపెను. తెలుగువాడై షాజహాను పాదుషా కొలువున వెలసిన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున ఈ ప్రశ్నను మరల నెత్తి, భక్తిపక్షమువారి వాదమునకు తగిన చోటిచ్చి, తుదకు పూర్వుల మర్యాదనే సమర్థించెను. వీరిలో నెవ్వరును భక్తిని తక్కువ చేయలేదు. కావ్యము చేయవలసిన పని యేది, శ్రోత తనతో తెచ్చుకొనునది యేది యను వివేకమే ఈ చర్చవలన మనము నేర్వదగినది. రాముని పేరు వినగానే భక్తునకు కన్నులు చెమర్చును. ఆ కన్నీరు కవి తెప్పించినది కాదు. భక్తుడు ఇంటినుండి తెచ్చుకొన్నది. కవి ఆ కన్నీటిని చూపి ‘నా కావ్యము గొప్పది’ యనినచో, పరుని సొమ్మును తన ఖాతాలో వ్రాసికొన్నట్లే. క్రిస్మసు చిత్రములలో పెక్కింటికి గల లోపమిదియే. పశువులతొట్టియందలి శిశువును చూపినంతనే విశ్వాసి మనస్సు కరగును. అంతటితో తమ పని తీరినదని తీసినవారు తలంతురు.

అట్లు తలంపనివారును గలరు. 1965వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీని అమెరికా టెలివిజనులో ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ అను అరగంట బొమ్మలచిత్రము ప్రసారమయ్యెను. పండుగ వర్తకమయమైనదని దిగులు చెందిన చిన్నబాలుడు ‘క్రిస్మసు అనగా నేమో తెలిసినవారెవ్వరును లేరా?’ అని యడుగును. ఆతని స్నేహితుడు వేదికపై నిలిచి లూకా సువార్తలోని జననకథను తన పసిగొంతుతో చెప్పును. అంతే. టెలివిజనులో బైబిలు చదువుట తగునా యని తోడివారే సంశయించినను చిత్రకర్త చార్లెస్ షుల్జ్ పట్టు విడువలేదు. నడక మందమనియు, జనులకు రుచింపదనియు ప్రసారసంస్థ యధికారులు భయపడిరి. ఆ రాత్రి టెలివిజను చూచుచున్న కుటుంబములలో దాదాపు సగము దానినే చూచినవి. విమర్శకులును మెచ్చిరి, బహుమతులును వచ్చినవి. ఆ బాలుని ప్రశ్నయు, కారులో కూర్చున్న గృహస్థుని ప్రశ్నయు ఒక్కటియే. కాని ఇచట బోధకుడు వాదించి గెలువలేదు. బాలుడు చెప్పినది విని ఇతర బాలకులు తమంత తాము మెత్తబడిరి.

ఇంకను విచిత్రమైనది ఇటలీ దేశపు దృష్టాంతము. 1964వ సంవత్సరమున పియెర్ పావొలో పసోలీని మత్తయి సువార్తను చిత్రముగా తీసెను. ఆయన నాస్తికుడు, మార్క్సువాది. చిత్రమును దివంగతుడైన పోపు 23వ జాను స్మృతికి అంకితము చేసెను. సంభాషణలకు సువార్తలోని మాటలనే గైకొనెను. నటులు చాలవరకు సామాన్యజనులు; వార్ధక్యమున నున్న మరియమ్మగా తన తల్లినే నటింపజేసెను. గర్భిణియైన మరియమ్మ ముఖము, ఏమియు తోచక నిలిచిన యోసేపు ముఖము – మాటలు లేకుండ ఈ రెంటితోనే చిత్రము ప్రారంభమగును. కాథలిక్కు చలనచిత్ర సంస్థవారు దానికి బహుమానమిచ్చిరి. ఆ చిత్రమునకు పాలస్తీనాగా నిలిచిన మతేరా పట్టణముననే, నలువదేండ్ల తరువాత అమెరికావారు ‘ది నేటివిటీ స్టోరీ’ అను క్రీస్తు జననచిత్రమును తీసిరి. 2006వ సంవత్సరము నవంబరు 26వ తేదీని అది వాటికనులో వేలకొలది జనులయెదుట ప్రథమముగా ప్రదర్శింపబడినది. అంతటి గౌరవము పొందిన ఆ చిత్రమున భక్తిశ్రద్ధలు నిండుగా నున్నవి గాని జీవము చాలలేదని పెక్కుమంది విమర్శకులు వ్రాసిరి. విశ్వాసము లేనివాడు సత్యముగా చూచి తీసినది విశ్వాసుల హృదయమును చేరినది. విశ్వాసులకొరకే తీసినది కొంత వెనుకబడినది. దేవుడు తన కథను చెప్పుటకు ఎవ్వని నైనను ఎన్నుకొనవచ్చునని నమ్మువారికి ఇందు ఆశ్చర్యపడదగిన దేమున్నది?

ఇట్లని భక్తుల భావావేశమును పరిహసించువారి పక్షమును నేను వహించుటలేదు. 1975వ సంవత్సరమున ‘జై సంతోషీ మా’ అను హిందీచిత్రము ఆడిన చోట్ల ప్రేక్షకులు చెప్పులు విడిచి లోనికి బోయి, తెరపై పూలును నాణెములును చల్లిరి. మన తెలుగునాట 1978వ సంవత్సరము డిసెంబరులో విడుదలయైన ‘కరుణామయుడు’ పలుభాషలలోనికి మారి, ఊరూర రాత్రివేళ తెరలు కట్టి చూపబడుచు ఏండ్ల తరబడి జనులను కదలించినది. చెప్పులు విడిచినది పూజ; తీర్పు కాదు. పూలు చల్లిన యిల్లాలు ‘ఇది యుత్తమచిత్రము’ అని సాక్ష్యము చెప్పలేదు. ‘ఈమె నా తల్లి’ యని నమస్కరించినది. ఆ నమస్కారమున అసత్యము లేశమును లేదు. దానిని చూచి నవ్విన విద్యావంతుడు, దానినే చూపి తన సరకు మేలైనదని చాటిన వర్తకుడు – ఇరువురును ఆమె చెప్పనిమాటను ఆమె నోట పెట్టినవారే.

ఇక కన్నీటి మాట. చిత్రము చూచి యేడ్చితిమి, కావున అది మన భక్తిని వృద్ధిచేసినది యని చెప్పుకొందుము. నాలుగవ శతాబ్దమున సంతు అగస్టీను తన యాత్మచరిత్రములో, యౌవనమున కార్తేజి పట్టణపు నాటకశాలలలో తాను కార్చిన కన్నీటిని తలచుకొని, అది యెట్టి దయ యని ప్రశ్నించుకొనెను. రంగస్థలముపై దుఃఖించువానికి సాయపడుమని ప్రేక్షకు నెవ్వరును కోరరు. దుఃఖింపుమని మాత్రమే కోరుదురు. ఆ దుఃఖమున సుఖము గలదు, వ్యయము లేదు. సత్రములో చోటు దొరకని నిండుచూలాలిని తెరపై చూచి కన్నీరు గార్చినవాడు, ఆటశాల వెలుపల చలిలో పరుండినవానిని దాటిపోవుట దుర్లభమైన దృశ్యము కాదు. ఏ ఊరనైనను, ఏ మతముననైనను ఇది చూడవచ్చును. క్రిస్మసు కథకు మూలమే చోటు లేకపోవుట గదా! ఆ కథను చూచినవాడు తన యింట, తన మనస్సున, ఒకనికి చోటు కల్పింపనిచో ఆ కన్నీరు టిక్కెట్టు సొమ్ముతోనే చెల్లిపోయినది.

1946వ సంవత్సరము డిసెంబరులో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ ఈ సందర్భమున స్మరింపదగినది. పరుల అప్పు సొమ్ము పోయి, పండుగ ముందురాత్రి నదిలో దూకనున్న ఒక గృహస్థుని దేవదూత కాపాడును. పోయిన 8,000 డాలర్లను దాచుకొన్న ధనికునికి కథలో శిక్ష లేదు. పోయిన సొమ్ము ఆకాశమునుండి రాలదు. ఇరుగుపొరుగువారు తలకొంత తెచ్చి బల్లపై పోయుదురు. దేవుని సహాయము మనుష్యుల చేతులగుండ వచ్చినదని చిత్రము చెప్పక చెప్పుచున్నది. విడుదలనాడు దానికి పెట్టుబడి రాలేదు. 1974వ సంవత్సరమున దాని హక్కులను మరల నమోదు చేయుట మరచినందున టెలివిజను సంస్థలు ఉచితముగా ఏటేట ప్రసారము చేసినవి. అట్లది ఇంటింటి పండుగ చిత్రమైనది. చూడుట విశ్వాసధర్మమని ఎవ్వరును శాసింపలేదు. మెచ్చవలసిన నిర్బంధము లేనిచోటనే ఆ మెప్పు పెరిగినది.

ఈ చర్చ యంతయు తుదకు మన యిండ్లకు వచ్చుచున్నది. పండుగనాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి భక్తిచిత్రమును చూతురు. అది క్రైస్తవగృహమున క్రీస్తుకథ కావచ్చును, హిందూగృహమున కృష్ణకథ కావచ్చును. చిత్రము ముగిసిన తరువాత పదేండ్ల బాలుడు ‘నాకు విసుగు పుట్టినది’ అని పలుకును. పెద్దలు ‘తప్పు, కన్నులు పోవును’ అని గద్దింతురు. ఆ బాలుడు మరునాటినుండి బాగుగా నున్నదని చెప్పుట నేర్చును. తల్లిదండ్రులు తృప్తి పడుదురు. వాడు ఆనాడు నేర్చినది భక్తి కాదు. దేవుని పేర అబద్ధమాడుట. ఆ విద్య ఒకసారి పట్టువడినచో చిత్రములతో ఆగదు, ప్రార్థనలోనికిని ప్రవేశించును. దీనికి బదులుగా ఏచోట విసుగు పుట్టినదో, ఏల పుట్టినదో యడిగినచో, ఆ ప్రశ్నకు వెదకుకొను సమాధానముననే బాలుడు ఆ కథకు దగ్గరగును. ‘గొల్లలు వచ్చినప్పుడు మాత్రము నాకు బాగుండినది’ అని వాడు తడవుకొని చెప్పు మాటకు, నేర్పిన స్తుతివాక్యములు నూరును సాటి రావు.

మన దేశమున చలనచిత్రము పుట్టుకయందే ఇందుకు తార్కాణము గలదు. దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో క్రీస్తు చరిత్రమును చూపు విదేశీచిత్రమును చూచెను. ఆయన క్రైస్తవుడు కాడు. ఆ చిత్రమును మెచ్చుకొనవలసిన ధర్మము ఆయనకు లేదు. నిందింపవలసిన పనియు లేదు. తెరపై క్రీస్తు కదలుచుండగా ఆయన మనోనేత్రమునకు రాముడును కృష్ణుడును గోకులమును గోచరించినవని ఆయనయే వ్రాసికొనెను. ఆ చూచినది ఆయనను ఊరక యుండనీయలేదు. ఆస్తిని పణముగా నొడ్డి, ఇంగ్లండు వెళ్లి పని నేర్చివచ్చి, 1913వ సంవత్సరమున తన మొదటి కథాచిత్రమును విడుదల చేసెను. దానికి ఆయన యెన్నుకొన్న కథ సత్యమునకై సర్వస్వమును విడిచిన హరిశ్చంద్రునిది.

భక్తిచిత్రమునకు ప్రేక్షకుడు చెల్లింపవలసిన ఋణము స్తోత్రము కాదు. సావధానముగా చూచుట, చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పుట, మనస్సు కదలినచో ఆ కదలికను చేతలలోనికి తెచ్చుట – ఈ మూడే. సత్యమే దైవమని యన్ని మతములును బోధించుచుండగా, దైవము పేర సత్యమును తప్పుట కేది యవకాశము? మనము బాగుగా లేదన్నంత మాత్రమున దేవునికి కొరత రాదు. బాగుగా లేనిదానిని బాగున్నదన్నచో మనకు వచ్చును.